ఇంట్లో 41 రోజుల జప ధ్యాన నియమం: ముందురోజు రాత్రి నుంచి చివరి మాల దాకా

“కూర్చోగానే ఎక్కడెక్కడి ఆలోచనలో వస్తున్నాయండీ, ఏం చేయాలి?” ఎక్కువమంది అడిగేది ఇదే. నేను తిరిగి అడిగేదీ ఒకటే: “నిన్న రాత్రి ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి పడుకున్నారు?” చాలామందికి జవాబు అక్కడే దొరుకుతుంది. పదకొండింటికి బిర్యానీ తిని, ఒంటిగంట దాకా ఫోను చూసి, నాలుగున్నరకు అలారం పెట్టుకుని లేస్తే ఏ మంత్రం పట్టుకున్నా నిద్రే వస్తుంది. అందులో మనసు తప్పేమీ లేదు. ఉదయం చేసే సాధన ముందురోజు రాత్రే మొదలవుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికోసం, మొదలుపెట్టి రెండు వారాలకే వదిలేసినవారికోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఫ్లాట్‌లోనో అద్దె పోర్షన్‌లోనో ఉంటూ, ఆఫీసు, పిల్లల స్కూలు బస్సు, నల్లా నీళ్ళ మధ్యే చేసుకోవాలి కదా, ఆ లెక్కతోనే చెబుతాను. రోజుకు 40 నిమిషాలు, 41 రోజులు. అయ్యప్ప దీక్షల వల్ల మండలం లెక్క మనకు అలవాటైనదే.

1. ముందుగా మూడు తేల్చుకోండి: మంత్రం, సమయం, సంఖ్య

మంత్రం: గురువు ఇచ్చింది ఉంటే అదే. వేరే ఆలోచన వద్దు. ఉపదేశం లేనివారు నామమంత్రం తీసుకోండి. ‘శ్రీరామ జయరామ జయజయరామ’, ‘ఓం నమో నారాయణాయ’, ‘నమః శివాయ’ ఇలా చిన్నప్పటి నుంచి నోట్లో నలిగిన పేరేదైనా సరే. గాయత్రి, ‘హ్రీం’, ‘క్లీం’ లాంటి బీజాక్షరాలున్న మంత్రాలు మాత్రం వీడియో చూసి మొదలుపెట్టకండి. వాటికి ఉపదేశం కావాలి, ఉచ్చారణ సరిదిద్దే మనిషి ఎదురుగా ఉండాలి.

ఒకసారి ఎంచుకున్నాక 41 రోజులూ అదే. పదిచోట్ల రెండేసి అడుగులు తవ్వితే నీళ్ళు పడవు.

సమయం: సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండేది బ్రాహ్మీ ముహూర్తం. మన ఊళ్ళో జూన్ మొదట్లో ఇది సుమారు 4.05 నుంచి 4.53 దాకా వస్తుంది. జనవరిలో పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది కాబట్టి సుమారు 5.12 నుంచి 6 గంటల దాకా. కుదిరితే మంచిదే. కుదరదనుకుంటే మొండిగా పట్టుకోవద్దు. 5.30కో 6కో రోజూ ఒకే సమయానికి కూర్చునేవారు, వారానికి రెండు రోజులు మాత్రమే నాలుగింటికి లేచేవారికంటే త్వరగా స్థిరపడతారు.

గచ్చిబౌలి, మాదాపూర్ వైపు నైట్ షిఫ్టులు చేసేవారికి నా సలహా: గడియారాన్ని పక్కన పెట్టి, ‘నిద్ర లేచి, స్నానం చేసి, ఏమీ తినకముందు’ అన్నదాన్నే మీ ముహూర్తంగా పెట్టుకోండి.

సంఖ్య: రోజుకు మూడు మాలలు. ‘శ్రీరామ జయరామ జయజయరామ’ 13 అక్షరాలు. తొందర లేకుండా ఒక్కోసారికి మూడు సెకన్లు పడుతుంది, అంటే మాలకు ఐదున్నర నిమిషాలు. మూడు మాలలకు 16 నిమిషాలు అనుకోండి. మాలలో పూసలు 108 ఉన్నా లెక్కలో 100గానే వేసుకుంటారు. మిగతా ఎనిమిదీ జపంలో జరిగిన పొరపాట్ల కింద పోతాయి. మొదటిరోజు ఉత్సాహంలో పదకొండు మాలలు మొక్కుకోకండి. జ్వరం వచ్చిన రోజు కూడా చేయగలిగినంతే మీ సంఖ్య.

2. స్థలం, ఆసనం, మాల

ఆసనం మరీ ఎత్తుగా, మరీ కిందగా ఉండకూడదని గీత ఆరో అధ్యాయంలో ఉంది. కింద దర్భ, దానిమీద చర్మం, ఆపైన బట్ట పరచమని అక్కడ చెబుతారు. మనం ఒక దర్భాసనమో చాపో వేసి, పైన మందపాటి నూలు బట్టో ఉన్ని దుప్పటో పరుచుకుంటే సరిపోతుంది. ఉత్త టైల్స్ మీద కూర్చోవద్దు. డిసెంబరులో నడుము పట్టేస్తుంది.

దేవుడి గది లేకపోయినా ఇబ్బంది లేదు. బెడ్రూమ్‌లో ఒక మూల చాలు. తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టండి. ముఖ్యమైనది ఏమిటంటే రోజూ అదే మూల, అదే చాప. ఆ చాప మీద కూర్చుని ఫోను మాట్లాడటం, బట్టలు మడతపెట్టడం వద్దు.

బాసింపట్టు వేసుకుని కూర్చుంటే చాలు, పద్మాసనం అక్కర్లేదు. పిర్రల కింద మాత్రం నాలుగు వేళ్ళ మందాన దుప్పటి మడిచి పెట్టుకోండి. మోకాళ్ళు తుంటికంటే కిందికి దిగుతాయి, నడుము దానంతట అదే నిలబడుతుంది. తిమ్మిర్లకు సగం మందు ఇదే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చోండి. వెనక్కి ఆనకండి, పాదాల కింద చాప ఉంచండి. ‘స్థిరసుఖమాసనం’ అన్నారు యోగసూత్రాలు రాసిన పతంజలి. కదలకుండా ఉండాలి, హాయిగానూ ఉండాలి.

మాల: రాముడు, కృష్ణుడు, వేంకటేశ్వరుడు అయితే తులసి. శివుడు, అమ్మవారు అయితే రుద్రాక్ష. బేగంబజార్‌లోనో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లోనో కొనేటప్పుడు పూసల సంఖ్య లెక్కపెట్టుకోండి. పూసకూ పూసకూ మధ్య ముడి ఉన్నది తీసుకుంటే వేలికి తేలిగ్గా తగులుతుంది. జపమాల మెడలో వేసుకోవద్దు. వాడనప్పుడు గోముఖి సంచిలో పెట్టండి.

3. ముందురోజు రాత్రి

అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం లేదని గీతలో సూటిగా చెప్పారు. ఉపవాసాలతో ఒళ్ళు హూనం చేసుకోమని ఎవరూ అడగలేదు.

పడుకునే ముందు చూసుకోండి:

- ఎనిమిదిన్నరలోపు తేలికపాటి భోజనం అయిందా?
- ప్రమిద తుడిచి, వత్తి వేసి, నూనె పోసి, అగ్గిపెట్టె పక్కన పెట్టారా?
- పంచపాత్ర, ఉద్ధరిణి కడిగి ఉంచారా?
- రేపు కట్టుకునే బట్టలు, చలికాలమైతే శాలువా తీసి పెట్టారా?
- రేపు నల్లా వచ్చే రోజా? అయితే ఎవరు చూస్తారు?
- పాలు, పిల్లల టిఫిన్, కుక్కర్ సంగతి మాట్లాడుకున్నారా?
- అలారానికి మామూలు గడియారం పెట్టి, ఫోను వేరే గదిలో ఉంచారా?

ఆ మధ్యలో రెండు ప్రశ్నల గురించి కాస్త చెప్పాలి. నేను పట్టిన మొదటి మండలం 19వ రోజున తెగింది. ఆ రోజు నల్లా అరగంట ముందే వచ్చింది. రెండో మాల మధ్యలో లేచి వెళ్ళాను. బిందెలు, డ్రమ్ము నింపి వచ్చి చూస్తే మాల ఏ పూస దగ్గర వదిలానో గుర్తులేదు. విసుగొచ్చి లేచిపోయాను. మర్నాడు కూర్చోలేదు, ఆ మర్నాడూ కూర్చోలేదు. మధ్యలో లేవాల్సి వస్తే ఏం చేయాలో ముందే అనుకుని ఉంటే అది తెగేది కాదు. (ఏం చేయాలో 7వ భాగంలో చెప్పాను.)

ఇక వంటింటి సంగతి. ఇంట్లో ఒకరు కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆ 40 నిమిషాల పని ఇంకొకరి మీద పడుతుంది. మగవాళ్ళు ఇది గమనించరు. ముందురోజు రాత్రే కూరగాయలు తరిగిపెట్టండి, లేదా సాయంత్రం ఆవిడ కూర్చునే సమయంలో పిల్లల్ని మీరు చూసుకోండి. మాల తిప్పుతూ “కాస్త ఆ మిక్సీ ఆపుతావా” అని కసిరితే ఆ పూట జపం కంటే ఆ కసురే ఇంట్లో ఎక్కువసేపు ఉంటుంది. యమనియమాల్లో మొదటిది అహింస. పతంజలి చెప్పిన ఎనిమిది యోగాంగాల్లో యమనియమాలు మొదటి రెండు, ఆసనం మూడోది, ధ్యానం ఏడోది. ఆ వరుస ఊరికే పెట్టలేదు.

4. ఉదయం క్రమం: 40 నిమిషాలు

మొదటి 5 నిమిషాలు: స్నానం అయ్యాక దీపం పెట్టండి. కేశవ, నారాయణ, మాధవ నామాలతో మూడుసార్లు ఆచమనం చేయండి. సంకల్పం చెప్పుకోండి. మన ఊరివాళ్ళు ‘శ్రీశైలస్య వాయువ్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యప్రదేశే’ అని చెప్పుకుంటారు. సొంతిల్లయితే ‘స్వగృహే’, అద్దె ఇల్లయితే ‘వసతిగృహే’. సంవత్సరం, మాసం, తిథి క్యాలెండరులో చూసుకోండి. సంస్కృతం నోరు తిరగకపోతే తెలుగులోనే చెప్పండి: “స్వామీ, ఈ రోజు మూడు మాలలు నీ నామం జపిస్తాను, కూర్చోబెట్టు.” ఫలానాది కావాలన్న కోరిక ఉంటే ఇక్కడే చెప్పేసి వదిలేయండి. జపం మధ్యలోకి తెచ్చుకోవద్దు.

తర్వాత 5 నిమిషాలు: శ్వాస. ఎడమ ముక్కుతో పీల్చి కుడితో వదలండి, కుడితో పీల్చి ఎడమతో వదలండి. ఇది ఒక ఆవృత్తి. ఇలాంటివి తొమ్మిది. పీల్చేదానికంటే వదిలేది కాస్త నిదానంగా ఉండాలి. ఊపిరి బిగబట్టే కుంభకం ఎదురుగా నేర్పేవారు లేకుండా చేయకండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు అసలే వద్దు.

తర్వాత 16 నిమిషాలు: మూడు మాలలు.

తర్వాత 10 నిమిషాలు: మాల పక్కన పెట్టి ధ్యానం.

చివరి 4 నిమిషాలు: లేవడం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే విడిగా చెబుతాను.

5. మాల తిప్పడం

కుడి చేతి మధ్యవేలి మీద మాల వేలాడనివ్వండి. చూపుడువేలు దూరంగా ఉండాలి, పూసకు తగలకూడదు. బొటనవేలి మెత్తని భాగంతో పూసను మీవైపు లాక్కోండి, గోరు తగలనివ్వకండి. మంత్రం పూర్తయ్యాకే పూస కదలాలి. వేలు ముందు, నోరు వెనక అయిందంటే తొందరలో ఉన్నట్టే.

కొత్త తులసి మాల మొదట్లో గరుకుగా ఉంటుంది. రెండు మూడు నెలలకు వేళ్ళ జిడ్డు పట్టి నునుపెక్కుతుంది. చివరి రెండు పూసలు వచ్చేసరికి మేరువు (మాల కొసలు కలిసేచోట ఉండే విడి పూస) కింది కుచ్చు మణికట్టుకు తగులుతుంది. కళ్ళు తెరవకుండానే మాల అయిందని తెలుస్తుంది. మేరువును దాటకూడదు. అక్కడ మాలను వెనక్కి తిప్పి, వచ్చిన దారినే మొదలుపెట్టాలి.

మొదటి మాల వినపడేలా చేయండి: వాచికం. రెండోది పెదవులు కదిలీ కదలకుండా: ఉపాంశువు. మూడోది లోపల మాత్రమే: మానసికం. మానసికమే గొప్పదని విని నేరుగా దానితో మొదలుపెట్టినవారు చాలామంది ఐదో నిమిషంలో ఎక్కడో ఉంటారు. గొంతు నుంచి పెదవికి, పెదవి నుంచి లోపలికి దిగడమే తేలిక.

మాల దగ్గర లేనప్పుడు, మెట్రోలో ఉన్నప్పుడు, చేతివేళ్ళ కణుపులే మాల. ఉంగరపు వేలి మధ్య కణుపుతో మొదలుపెట్టి కిందికి, చిటికెన వేలు కింద నుంచి పైకి, అక్కడి నుంచి ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలి కొసల మీదుగా చూపుడువేలి అడుగుకు వస్తే పది. మధ్యవేలి కింది రెండు కణుపులూ మేరువు, వాటిని ముట్టుకోరు. పదుల లెక్క ఎడమ చేతి మీద పెట్టుకోండి.

6. జపం నుంచి ధ్యానానికి

మనసును ఒకచోట కట్టడం ధారణ, అది తెగకుండా సాగడం ధ్యానం అని యోగసూత్రాలు చెబుతాయి. కాబట్టి మన చేతిలో ఉన్నది ధారణ వరకే. కట్టడం మన పని.

రూపం నచ్చినవారు ఒకే పటం పెట్టుకోండి, చిన్నప్పటి నుంచి చూసినదైతే మరీ మంచిది. ఒక నిమిషం పాదాలే చూసి కళ్ళు మూసుకోండి. పాదాలు, అందెలు, పట్టుపంచె అంచు, చేతులు, మెడలో హారం, చివరికి చిరునవ్వు. భాగవతం కూడా పాదాల నుంచి పైకే వెళ్ళమంటుంది. మొదటి వారమంతా పాదాల దగ్గరే ఆగిపోయినా పరవాలేదు.

రూపం నిలవనివారికి శ్వాస. పీల్చేటప్పుడు ‘రా’, వదిలేటప్పుడు ‘మ’. శ్వాసను లాగకండి, దాని నడక దాన్ని నడవనిచ్చి పేరును దానికి తగిలించండి.

ఆలోచన వచ్చిందా? రానివ్వండి. ‘యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరమ్’: ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోమని గీత చెబుతోంది. పోతుందని శ్లోకమే ఒప్పుకుంది. తిట్టుకోకుండా తెచ్చి మళ్ళీ పాదాల దగ్గర కూర్చోబెట్టండి. పది నిమిషాల్లో ముప్పైసార్లు తెచ్చుకుంటే ముప్పైసార్లు సాధన చేసినట్టే.

లేచేటప్పుడు: కళ్ళు వెంటనే తెరవద్దు. అరచేతులు రుద్ది కళ్ళమీద పెట్టుకోండి. చేసిన జపం భగవంతుడికి సమర్పించి అక్షతలో నీళ్ళో విడవండి. కాళ్ళు చాపి, తిమ్మిరి పోయేదాకా ఆగి లేవండి. ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఫోను ముట్టుకోకండి. ముందు చాయ్ తాగండి, చెట్లకు నీళ్ళు పోయండి. 40 నిమిషాల్లో కూడబెట్టుకున్న నెమ్మది ఒక్క వాట్సాప్ గ్రూపుతో పోగొట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను.

7. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేసుకోవాలి

శంకరాచార్యుల గురువుకు గురువైన గౌడపాదులు మాండూక్య కారికల్లో మనసుకు వచ్చే ఆటంకాలను విడమరచి చెప్పారు. పేర్లు తెలిస్తే మీ ఇబ్బంది ఏదో మీరే పట్టుకోగలరు.

లయం: నిద్రలోకి జారడం. తల ముందుకు వాలుతుంది, మాల వేళ్ళలోనే ఆగిపోతుంది. లేపమన్నారు. కళ్ళు సగం తెరవండి, వాచికంలోకి రండి, అయినా ఆగకపోతే నిలబడి ఒక మాల చేయండి. మూడు రోజులు వరసగా ఇలాగే ఉంటే నిద్ర చాలడం లేదు. అరగంట ముందు పడుకోండి.

విక్షేపం: పరుగు. ఈఎంఐ, మేనేజర్ మాట, అత్తగారి ఫోను, అన్నీ అప్పుడే వస్తాయి. శాంతపరచమన్నారు. టెన్షన్ ఎక్కువగా ఉన్న రోజు ఆసనం మీద కూర్చోగానే ఒక పేజీ రామకోటి రాయండి. చేయి, కన్ను, నోరు మూడూ ఒకే పేరు మీద ఉంటే పరుగు తగ్గుతుంది. శబ్దాల విషయానికొస్తే, పక్క గుడి సుప్రభాతం, అజాన్, పాల బండి, పైఅంతస్తు మోటారు ఆగవు. శబ్దం వచ్చిందని తెలుసుకుని మంత్రంలోకి రండి. దోమలకు కాయిల్ వెలిగించకండి, ఆ పొగ శ్వాసకు పడదు. ఫ్యాన్ వేసుకోండి లేదా దోమతెర లోపల కూర్చోండి. నిశ్శబ్దం ఎలా ఉంటుందో చూడాలంటే ఒక సాయంత్రం నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిర్‌లో కాసేపు కూర్చోండి. ధ్యానానికి అనువుగా ఉండాలన్న రామకృష్ణ మఠం స్వామి రంగనాథానంద కోరిక మేరకు అక్కడ గంటలు పెట్టలేదు.

కషాయం: నిద్రా లేదు, పరుగూ లేదు, కానీ మనసు మొద్దుబారి కదలదు. అడుగున పాత కోపమో బాధో ఉంటుంది. ‘తెలుసుకో’ అన్నారు అంతే. పేరు పెట్టండి: “ఇది అన్నయ్య మీద కోపం.” లేచాక ఆ మనిషికి ఫోన్ చేయాల్సి ఉంటే చేయండి. రెండు మూడో వారాల్లో ఊరికే కన్నీళ్ళు రావడం కూడా చూశాను. రానివ్వండి. కానీ వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, భయం, లేని మాటలు వినపడటం ఉంటే జపం పెంచడం దానికి మందు కాదు. సాధన ఆపి డాక్టరును కలవండి. వాడుతున్న మాత్రలు సొంతంగా మానొద్దు.

రసాస్వాదం: హాయి. వెలుగులు కనిపించాయి, ఒళ్ళు తేలికైంది. అక్కడ ఆగి రుచి చూడవద్దన్నారు. మర్నాడు ఆ హాయి కోసం కూర్చుంటారు, అది రాదు, నిరాశపడతారు. ఎవరికీ చెప్పకండి, తర్వాతి పూసకు వెళ్ళండి.

ఇవి కాక రోజూ ఎదురయ్యేవి:

- మధ్యలో లేవాల్సి వచ్చింది: ఆ మాల లెక్కలోంచి తీసేయండి. వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆచమనం చేసి ఆ మాల మొదటి నుంచి చేయండి.
- ఉదయం తప్పింది: సాయంత్రం దీపాల వేళ పూర్తి చేయండి.
- రోజంతా తప్పింది: చివర్లో ఒక రోజు కలపండి. వరసగా రెండు రోజులు మాత్రం తప్పనివ్వకండి.
- జ్వరం, ప్రయాణం: పడుకునో కూర్చునో మానసికంగా ఒక్క మాల.
- మైల, పురుడు, నెలసరి: దీపం, ఆచమనం, మాల విషయంలో మీ ఇంటి ఆచారం పాటించండి. మనసులో నామం ఆపనక్కర్లేదు.

8. 41 రోజుల్లో ఏ వారం ఏమవుతుంది

మొదటి వారం ఉత్సాహం. రెండో వారం కాళ్ళ నొప్పులు. అసలు పరీక్ష 15 నుంచి 25వ రోజు మధ్య: ఏమీ జరగడం లేదనిపిస్తుంది. ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. ‘దీర్ఘకాల నైరంతర్య సత్కారాసేవితః’ అన్న యోగసూత్రంలో దీర్ఘకాలం, నైరంతర్యం అందరికీ గుర్తుంటాయి. మూడోది సత్కారం, అంటే ఆదరంతో చేయడం. ఆ పది రోజులూ మాలలు పెంచకండి. ప్రమిద ఇంకాస్త శుభ్రంగా తోమండి, రెండు పూలు ఎక్కువ పెట్టండి. వారానికోసారి సత్సంగానికి వెళ్ళండి. దోమలగూడ రామకృష్ణ మఠం లాంటి చోట నలుగురితో కూర్చుంటే ఇంట్లో కూర్చోవడానికి బలం వస్తుంది.

చిన్న నోటుబుక్ పెట్టుకుని రోజుకు ఒక్క వరస రాయండి:

- ఎన్నో రోజు, ఎన్నింటికి కూర్చున్నాను
- ఎన్ని మాలలు
- నాలుగింటిలో ఏ ఆటంకం వచ్చింది
- రాత్రి ఎన్నింటికి తిన్నాను, పడుకున్నాను
- ఇవాళ ఎవరి మీదైనా అరిచానా

మూడో వారం ఆదివారం ఆ పేజీలు తిరగేయండి. లయం అని రాసిన రోజుల పక్కన రాత్రి భోజనం సమయం చూడండి.

41వ రోజు మూడు మాలలయ్యాక సంకల్పం పూర్తయిందని చెప్పుకుని, చేతనైనంత మేరకు ఒకరికి భోజనం పెట్టండి. మీ లెక్క 123 మాలలు, వందల లెక్కన 12,300. మర్నాడు సెలవు తీసుకోకండి. 42వ రోజు అదే చాప మీద, అదే సమయానికి, మళ్ళీ మూడే మాలలు చేయండి. నాలుగో మాల కలపాలా వద్దా అన్నది ఆ రోజు రాత్రి, నోటుబుక్ ముందు పెట్టుకుని ఇంట్లోవాళ్ళతో కలిసి తేల్చుకోండి.